ఇంజను మీద ఆరంకెలు

కొళాయిల కార్ఖానాలో ముప్పై ఎనిమిదేళ్లు గుడ్డచక్రం ముందు నిలబడ్డ మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరుంటారు? ఆయన అందరికీ తళతళ మేస్త్రీ. అచ్చులోంచి తీసిన కొళాయి అప్పుడే నేలలోంచి తవ్విన దుంపలాగా నల్లగా, గరుకుగా ఉంటుంది. దాన్ని పాలిషు ముద్ద రాసిన చక్రానికి ఆనించి అటు రెండు తిప్పులు, ఇటు రెండు తిప్పులు తిప్పి, గుడ్డతో తుడిస్తే చూసేవాడి మీసం అందులో కనబడాలి. పెట్టెకి నలభై కొళాయిలు. ఒక్కదాని మీద గోరంత మచ్చ మిగిలినా తనిఖీ ఆయన పెట్టె మొత్తాన్ని కాలితో వెనక్కి తోసేవాడు. అలా తోయించుకున్న పెట్టెలు మేస్త్రీ జీవితం మొత్తం మీద మూడంటే మూడు. మూడూ మొదటి ఏడాదిలోనివే.

ఆ పని ఆయనకి రెండు జబ్బులు మిగిల్చింది. ఒకటి, మసకగా ఉన్న లోహం ఎక్కడ కనబడ్డా చూపు అక్కడే అతుక్కుపోవడం. చుట్టాలింటికి వెళితే పలకరింపులు అవకముందే తలుపు గొళ్లేన్ని జేబు రుమాలుతో రుద్దుతూ ఉండేవాడు. రెండోది, చక్రం అదురుకి వేళ్లు మొద్దుబారిపోవడం. వేడి గ్లాసు పట్టుకుంటే కాలుతోందని పక్కవాళ్లు చెప్పాలి.

"లోకంలో కొళాయిలన్నీ మెరిపించిన మహానుభావుడు, ఇంట్లో ఒక్క గిన్నె తోమిన పాపాన పోలేదు" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మేస్త్రీ నవ్వేవాడు. మసకబారిన గిన్నెని చూడలేక ఎవరూ లేనప్పుడు తోమి పెట్టేవాడని ఆవిడకీ తెలుసు.

ఆ ఇంట్లో మూడో మనిషి మేస్త్రీ అక్క. ఆయనకంటే ఆరేళ్లు పెద్దది. పురుళ్లు పోసే నర్సుగా పనిచేసింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "రోజుకొక బిడ్డని ఎత్తుకుంటున్నాను, ఇంకా ఎంతమంది కావాలి?" అనేది. ఇప్పుడు మోకాళ్లు వాచాయి, చూపు మసకబారింది. ముందు గదిలో కిటికీ దగ్గర ఆవిడ మంచం. ఆ మంచానికి ఎదురుగా, ఇటుకల మీద, పదకొండు నెలలుగా ఒక మోటారుసైకిలు.

అది ఆవిడదే.

ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఆ చుట్టుపక్కల మోటారుసైకిలు నడిపిన ఆడమనిషి ఇంకొకరు లేరు. బస్సు పోని ఇళ్లకి, వంతెన లేని వాగుల అవతలకి, మందుల సంచి ట్యాంకు మీద బిగించుకుని వెళ్లేది. బండి నర్సమ్మ వస్తోందంటే మలుపు అవతలి నుంచే తెలిసేది. ఆ శబ్దం వినగానే సగం భయం పోయేదని తల్లులు చెప్పుకునేవారు. బిడ్డ బయటపడిన నిమిషాన్ని గడియారం చూసి రిజిస్టరులో రాసేది. బడిలో తొందరగా చేర్చాలి, ఏడాది ముందుకి జరిపి రాయమ్మా అని తండ్రులు బతిమాలితే, "బిడ్డ ఎప్పుడు పుట్టిందో నాకూ తెలుసు, బిడ్డకీ తెలుసు, నీకొక్కడికే మతిమరుపు" అని నవ్వి, ఉన్నదే రాసేది.

ఒక వానాకాలం కల్వర్టు మీద బండి జారింది. తొడ ఎముక విరిగింది. రెండు నెలలు ఆసుపత్రిలో పడుకుంది. ఆ రెండు నెలల్లో మేస్త్రీ రోజూ బండిని చూసేవాడు. వంగిన హ్యాండిలు, దాని మీద ఎండిపోయిన అక్క రక్తం. ఇంకొకసారి ఎక్కితే ప్రాణాలతో రాదని ఆయనకి గట్టిగా అనిపించింది. పాత ఇనుము కొనేవాడిని పిలిచి ఇచ్చేశాడు. కాగితాలు కూడా అడగలేదు వాడు. అక్కని కాపాడానని మేస్త్రీ ఆ వేళ కడుపునిండా తిన్నాడు.

అక్క చంక కర్రలతో ఇంటికొచ్చి, వసారాలో ఖాళీ జాగా చూసి, "బండేదిరా?" అంది. చెప్పాడు. అక్క "సరే" అంది. అంతే. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. బండి లేకపోవడంతో దూరపు ఇళ్లు వేరేవాళ్లకి పోయాయి. ఏడాది తిరిగేసరికి ఆవిడని ఆఫీసులో కూర్చోబెట్టి మందుల లెక్క చూడమన్నారు. ఉద్యోగం ముగిసేదాకా ఆవిడ సీసాలు లెక్కపెట్టింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే మేస్త్రీకి అరిగిపోయేది. ఆ "సరే" మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

మంచం కోడు విరిగితే చెక్క కోసం కలప డిపోకి వెళ్లాడు కిందటేడు. డిపో వెనక రేకుల కింద, రంపపు పొట్టు బస్తాల మధ్య, చక్రాల్లేని బండి ఒకటి కనబడింది. ఆ ట్యాంకు వంపు చూసి ఆయన కాళ్లు ఆగిపోయాయి. ఇంటికి ఫోను చేశాడు.

"అక్కా, నీ బండి నంబరు గుర్తుందా?"

"ఏ నంబరు? ప్లేటు మీదదా, చట్రం మీదదా, ఇంజను మీదదా?"

"ఇంజనుది."

"రోజూ పొద్దున్నే లాగుబుక్కులో రాసిన నంబరు మర్చిపోతానా? ఎందుకూ?"

"చెప్పక్కా."

"నాలుగు, ఏడు, ఒకటి..."

"ఒకటి" అన్నాడు మేస్త్రీ, మేకుతో మట్టి గీకుతూ.

అక్క ఆగింది. తర్వాత, గొంతు తగ్గించి, "తొమ్మిది" అంది.

"మూడు" అన్నాడు మేస్త్రీ.

"ఎక్కడుందిరా అది?" అంది అక్క.

అలా బండి ఇంటికొచ్చింది. మూడు మెట్ల మీద పలక వేసి, పక్కింటివాళ్లు నలుగురు తోస్తే, ముందు గదిలోకి ఎక్కింది. "కొత్త కోడలు కుడికాలు పెట్టినట్టుంది" అని మేస్త్రీ భార్య నవ్వి, ఆ వారం తిరక్కుండానే, "కోడలైతే నూనె ఇలా కార్చదు" అని గోనెసంచి పరిచింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆ బండి తయారుచేసిన కంపెనీ మూతపడి పాతికేళ్లు దాటింది. బజారులో దొరికేవన్నీ డూప్లికేట్లు. కొత్తగా పోతపోసి, ఉప్పునీళ్లలో నానబెట్టి తుప్పు పట్టించి, "చూడండి సార్, తుప్పే సాక్ష్యం" అని అమ్మేవాళ్లు. మొదట్లో మేస్త్రీ రెండుసార్లు మోసపోయాడు. ఆ తర్వాత ఏది దొరికినా తెచ్చి అక్క చేతిలో పెట్టేవాడు. కడుపు మీద చెయ్యేసి బిడ్డ తల ఎటుందో చెప్పిన చెయ్యి అది. అక్క కళ్లు మూసుకుని, ఆ ముక్కని అరచేతిలో తిప్పి, బరువు చూసి, "ఇది కాదు, వెనక్కిచ్చేయ్" అనేది.

హెడ్‌లైటు రింగు ఒక మంగలి దుకాణంలో అద్దానికి చట్రంగా దొరికింది. మంగలి ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. మేస్త్రీ నాలుగు నెలలు అక్కడే గడ్డం గీయించుకున్నాడు. అయిదో నెలలో, "మీ గడ్డం గీసీ గీసీ నాకే సిగ్గుగా ఉంది, పట్టుకుపోండి" అని ఊడదీసి ఇచ్చాడు. స్పీడు మీటరు ఒక గడియారాలు బాగుచేసే ఆయన సొరుగులో పడి ఉంది. ఆయన దాన్ని గడియారమే అనుకుని పన్నెండేళ్లుగా బాగుచేయడానికి ప్రయత్నిస్తున్నాడట. "గంటలు కొట్టదేంటా అనుకున్నాను" అన్నాడు. కార్బొరేటరు ఒక తోటలో నీళ్ల పంపుకి బిగించి ఉంటే, వేరే కార్బొరేటరు తెచ్చి బిగించి, పంపు నడిచేదాకా అక్కడే కూర్చుని, దీన్ని విప్పుకొచ్చాడు. అక్క ఆ కార్బొరేటరుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇదేరా" అంది. అది ఈ బండిది కాదని, ఇలాంటిదే ఇంకో బండిదని మేస్త్రీకి తెలుసు. అక్కకీ తెలుసు. అయినా "ఇదే" అంది.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. బండి వచ్చిన రోజే చెప్పింది. "దీన్ని నడిచేలా చెయ్యి చాలు. నీ చక్రం దగ్గరికి మాత్రం తీసుకెళ్లకు. నా బండి ఎప్పుడూ మెరవలేదు. మెరిసిందంటే అది నా బండి కాదు."

"అలాగే అక్కా" అన్నాడు మేస్త్రీ.

చలికాలం చివర్లో వాహనాల ఆఫీసు నుంచి ప్రకటన వచ్చింది. ఇన్నేళ్లు దాటిన బండ్లన్నీ ఫలానా తేదీలోగా తనిఖీకి తేవాలి. చట్రం నంబరు, ఇంజను నంబరు రెండూ రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నట్టే బండి మీదా ఉంటే పాతకాలపు ఒరిజినల్ బండిగా మళ్లీ రోడ్డెక్కవచ్చు. లేనివి నుజ్జు యంత్రంలోకి పోతాయి. అక్క తన రేకుపెట్టె అడుగు నుంచి పుస్తకం తీసింది. ఇరవై తొమ్మిదేళ్లూ ఆవిడ దాన్ని పారేయలేదు. పాత ఇనుము వాడు పేరు మార్పించుకోనేలేదు కాబట్టి, బండి ఇప్పటికీ ఆవిడదే. పుస్తకంలో రెండు నంబర్లున్నాయి, బండి మీదా రెండు నంబర్లున్నాయి. మేస్త్రీ పాసైనట్టే అనుకున్నాడు. అక్కని వెనక కూర్చోబెట్టుకుని, ఆవిడ ఒకప్పుడు ఆ బండి మీద దాటిన వాగు దాకా వెళ్లి రావాలని ఆయన కోరిక. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. అక్కడికి వెళ్లాక చెప్పాలనుకున్నాడు.

తనిఖీ ఇక పన్నెండు రోజులుందనగా అక్కని కంటి ఆసుపత్రికి తీసుకుని మేస్త్రీ భార్య వెళ్లింది. ఇంట్లో మేస్త్రీ ఒక్కడే. ఇంజను విప్పి ఉంది. దాని గుల్ల రెండు చిప్పలుగా బల్ల మీద ఉంది. ఎవరో ఎప్పుడో దాని మీద పూసిన వెండి రంగు పొక్కులుగా లేస్తోంది. ఆ పొక్కులు ఆయన ప్రాణానికి పదకొండు నెలలుగా చీమల్లా పాకుతున్నాయి. రంగు ఒక్కటీ తీసేద్దాం, మెరిపించనని తనకు తనే చెప్పుకుని, పెరట్లో రేకు కింద గుడ్డచక్రం బిగించి ఉన్న చిన్న మోటారు దగ్గరికి నంబరున్న చిప్ప పట్టుకెళ్లాడు. నంబరు ఉన్న చోట, రెండు వేళ్ల వెడల్పున, మందపాటి టేపు అంటించాడు. అంత జాగ్రత్త పడ్డాడు.

రంగు పోయింది. రంగు కింద లోహం కనబడింది. చక్రం తిరుగుతూనే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల చేతులు తిరిగే చక్రం ముందు ఖాళీగా ఉండలేకపోయాయి. అరగంటలో ఆ గుల్ల కొత్త కొళాయిలా అయింది. అందులో తన మొహం చూసుకుని, అక్క తిట్టినా పడదాంలే, ముట్టుకుంటే నునుపుగా ఉంటుంది, సంతోషిస్తుంది అనుకున్నాడు. టేపు పీకాడు. ఆ మెరుపు మధ్యలో టేపు ఆకారంలో బూడిదరంగు మచ్చ. మచ్చలో ఆరంకెలు.

ఇక్కడ ఏం జరిగిందో ఆయన తర్వాత చాలాసార్లు చెప్పడానికి ప్రయత్నించాడు. ఒకసారి అంచుల దాకే అన్నాడు. ఇంకోసారి ఊరికే ఆనించానన్నాడు. అంచు కలపాలనుకున్న మాట నిజం. ఆ మచ్చతో దాన్ని బల్ల మీద పెట్టలేకపోయిన మాటా నిజం. మొద్దుబారిన వేళ్లకి ఎంత నొక్కుతున్నాడో తెలియలేదు. చక్రం కింద లోహం ఎప్పుడూ నల్లగానే ఉంటుంది, పాలిషు ముద్ద మసి కమ్మేసి ఉంటుంది. తుడిస్తేనే తెలుస్తుంది. ఆయన తుడిచాడు.

మచ్చ లేదు. ఎక్కడా లేదు. అద్దంలో ఆయన మీసం, ఆయన కళ్లు.

చాలాసేపు ఆ చిప్పని వెలుతురుకి అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో రుద్ది చూశాడు. ఆ వేలికి ఏదీ తెలియదు కాబట్టి చెంపకి ఆనించి చూశాడు. నున్నగా, ఇంకా వేడిగా ఉంది.

వాళ్లు వచ్చేసరికి గుల్లని ఇంజనుకి బిగించేసి, ఆ వైపుకి నూనె గుడ్డ కప్పాడు. భార్యకి ఆ రాత్రే తెలిసింది. ఆయన అన్నం కలిపి తినడం మర్చిపోతే, గుడ్డ ఎత్తి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వదినకి ఎలా చెబుతారండీ?" అంది. జీవితంలో మొదటిసారి ఆవిడ హాస్యమాడలేదు.

మర్నాడు మేస్త్రీ చెక్కుడాయన దగ్గరికి వెళ్లాడు. బహుమతి కప్పుల మీద, ఇంటి పలకల మీద పేర్లు చెక్కే చిన్ననాటి స్నేహితుడు.

"ఇంతేనా? ఆరంకెలే కదరా తళతళా! టీ చల్లారేలోపు కొట్టేస్తాను" అన్నాడు చెక్కుడాయన.

"అది నేరంరా."

"చావు కబురు చల్లగా చెబుతావేం? నేరమని తెలిసే కదా నా దగ్గరికొచ్చావు. పద."

అక్క స్నానానికి వెళ్లిన సమయం చూసి, చెక్కుడాయన సంచిలోంచి అంకెల అచ్చులు తీసి నేల మీద వరసగా పేర్చాడు. సుత్తి చేతిలోకి తీసుకుని ఆగాడు.

"ఏడుకి మధ్యలో గీత ఉండేదా?"

మేస్త్రీ ఆలోచించాడు. "లేదనుకుంటా."

"అనుకుంటే చాలదు. ఒక్కో కంపెనీది ఒక్కో అచ్చు. వాళ్ల దగ్గర నమూనాలుంటాయి. నాలుగు పైన మూసి ఉండేదా, తెరిచి ఉండేదా?"

మేస్త్రీకి నంబరు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆ అంకెలు ఎలా ఉండేవో మాత్రం గుర్తు రాలేదు. వాటి చుట్టూ ఉన్న మచ్చ గుర్తుంది, దాని అంచులతో సహా.

"అక్కకి తెలుస్తుంది" అన్నాడు.

"అయితే అడిగి చెప్పు. అడగకుండా నేను సుత్తి ఎత్తను" అని చెక్కుడాయన అచ్చులు మూటకట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అక్క కిటికీ దగ్గర కూర్చుని కంటి మందు వేసుకుంటోంది. మేస్త్రీ నాలుగుసార్లు గదిలోకి వచ్చి, నాలుగుసార్లు వెళ్లాడు.

"ఏంట్రా, పురిటి గది బయట మొగుడిలా తిరుగుతున్నావు?" అంది అక్క.

"ఏం లేదక్కా. ఇంజను మీద నంబరు ఉంది కదా."

"ఊఁ."

"అందులో నాలుగు... పైన మూసి ఉండేదా, తెరిచి ఉండేదా?"

అక్క కంట్లోంచి మందు చెంప మీదికి కారింది. తుడుచుకోలేదు. "బండి ఇక్కడే ఉంది కదరా. చూసుకోరాదా?"

మేస్త్రీ నూనె గుడ్డని ఇంకొంచెం కిందికి లాగాడు.

"చూసుకోడానికి లేదా?"

ఆయన నేల చూశాడు. అక్క మంచం దిగి, గోడ పట్టుకుని బండి దాకా వచ్చి, కష్టం మీద కూర్చుంది. నూనె గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చింది. ఆ చెయ్యి గుల్ల మీద మెల్లగా, పైనుంచి కిందికి, పక్కలకి, మళ్లీ పైకి కదిలింది. ఎక్కడ వెతకాలో ఆవిడకి తెలుసు. అక్కడే చాలాసేపు ఆగింది.

"తోమేశావా?"

"తోమేశానక్కా."

"సరే" అంది అక్క.

మేస్త్రీ అక్కడ నిలబడలేక పెరట్లోకి పోయాడు. మోటారు తీగ పీకి, చక్రాన్ని ఇరుసు నుంచి ఊడదీసి, ఏం చేయాలో తెలియక దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వాహనాల ఆఫీసు గేటు బయట గొడుగు కింద దరఖాస్తులు రాసే ఆయన ఒకడున్నాడు. తనిఖీకి రెండు రోజుల ముందు మేస్త్రీ అతని ముందు కూర్చుని అంతా చెప్పుకున్నాడు. అతను కలం చెవిలో దోపుకుని విన్నాడు.

"ఇందులో ఒక దారి ఉంది. ఫారంలో ఇంజను నంబరు దగ్గర మూడు మాటలుంటాయి. స్పష్టముగా ఉన్నది, అరిగిపోయినది, చెరిపివేయబడినది. 'స్పష్టముగా' మీకు పోయింది. 'చెరిపివేయబడినది' అంటే బండి అక్కడికక్కడే వాళ్లది, నుజ్జు యంత్రమే. 'అరిగిపోయినది' అని రాస్తే మాత్రం ఇంకో పరీక్షకి పంపుతారు. మందు రాసి చూస్తే లోపలి ముద్ర తేలుతుందట. తేలిందంటే వాళ్లే మళ్లీ కొట్టిస్తారు."

"ఏ మాట రాయాలో ఎవరు చెబుతారు?"

"పుస్తకంలో పేరున్న మనిషి. ఆ వయసు ఆవిడ మాట ఎవరూ కాదనరు. ఆవిడ చేత 'అరిగిపోయింది' అనిపించండి. ఒక్క మాట."

మేస్త్రీ ఇంటికొచ్చి అక్కకి చెప్పాడు. ఆ రెండు రోజుల్లో ఆరేడుసార్లు చెప్పాడు. అన్నం తింటున్నప్పుడు చెప్పాడు. కంట్లో మందు వేస్తూ చెప్పాడు. "అరిగిపోయింది బాబూ అను చాలు. నిజానికి నేను తోమకముందే అరిగి ఉంది కదక్కా, కొంచెమే మిగిలింది." అక్క అవుననలేదు, కాదనలేదు. అవుననుకున్నాడు ఆయన.

ట్రాలీ వ్యాను మీద బండిని కట్టి తీసుకెళ్లారు. బండి నడుస్తుంది, ముందు రోజే చెక్కుడాయన కిక్కు కొట్టి చూశాడు. తనిఖీ కాకుండా రోడ్డు మీద నడపకూడదని నియమం. ఆఫీసు వెనక ఆవరణలో తాడు కట్టి రెండు భాగాలు చేశారు. తాడుకి ఇవతల వరసలో నిలబెట్టిన బండ్లు, అవతల ఒకదాని మీద ఒకటి పడేసినవి. అక్కకి ఒక కుర్చీ వేశారు.

తనిఖీ అధికారి ముప్పై ఏళ్లవాడు. మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగి, హెడ్‌లైటు రింగు ముట్టుకుని, "ఒరిజినలే! ఎక్కడ పట్టారండీ?" అన్నాడు. మేస్త్రీకి కాసేపు అన్నీ కుదిరిపోతాయనిపించింది. అధికారి చట్రం నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. అంకెలు తెల్లగా తేలాయి. ఇంకో కాగితం తీసి గుల్ల మీద పెట్టి రుద్దాడు. కాగితం మొత్తం బూడిదరంగుగా వచ్చింది. ఇంకోసారి రుద్దాడు. టార్చిలైటు వేసి చూశాడు. లైటు వెలుగు ఆ మెరుపు మీద పడి ఆయన కళ్లలోకే కొట్టింది.

"ఇంజను నంబరు ఎంతమ్మా?"

"నాలుగు, ఏడు, ఒకటి, ఒకటి, తొమ్మిది, మూడు" అంది అక్క, పుస్తకం తెరవకుండా.

"బండి మీద లేదు కదమ్మా."

"నా నోట్లో ఉంది కదయ్యా."

"నోటిని స్టాంపుగా తీసుకోరమ్మా ఇక్కడ" అని అతను నవ్వాడు. తర్వాత ఫారం తీసి, మోకాలి మీద అట్ట పెట్టుకుని, అక్క కుర్చీ ముందు కూర్చున్నాడు. "ఇది చాలా పాత బండి. ఇన్నేళ్ల వాడకంలో అంకెలు అరిగిపోవడం మేం చూస్తూనే ఉంటాం. అరిగిపోయినది అని రాసుకోమంటారా?"

ఎవరూ అడగకుండానే అతనే దారి వేశాడు. మేస్త్రీ అక్క కుర్చీ వెనకే నిలబడ్డాడు. అవునంటే చాలు. ఆ మూడక్షరాల మాట కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు.

"లేదు బాబూ. మా తమ్ముడు తోమేశాడు" అంది అక్క.

అధికారి తల ఎత్తి మేస్త్రీని చూశాడు. "అంటే... బాగా తుడవడం వల్ల అరిగిందంటారా?"

"అరగడం వేరు, తోమడం వేరు. పోయిన నెలాఖరు దాకా ఉంది. వద్దన్నాను. తోమేశాడు."

"అమ్మా, ఇందులో తోమేశాడు అనే గడి లేదమ్మా."

"మరేముంది?"

అతను మూడు మాటలూ చదివాడు. మూడోది చదివేటప్పుడు గొంతు తగ్గించాడు. "అది రాస్తే బండి ఇంక మీకు రాదు" అన్నాడు.

"అది నిజమా కాదా?"

"మీరు చెప్పిందాన్ని బట్టి అయితే... నిజమే."

"అయితే రాయి."

మేస్త్రీ ముందుకొచ్చాడు. "సార్, పెద్దావిడ, చూపు సరిగా లేదు, ఆవిడకి తెలియక..."

"నాకు తెలియక కాదు" అంది అక్క, వెనక్కి తిరక్కుండా.

అధికారి కలం మూత తీశాడు. రాసేముందు ఆవిడ వైపు ఇంకోసారి చూశాడు. ఆవిడ చేతులు ఒళ్లో ఉన్నాయి. రాశాడు. పెద్దవాళ్లు కదా, కేసు పెట్టనని చెప్పాడు. అక్క చెయ్యి పట్టుకుని సంతకం ఎక్కడ చేయాలో చూపించాడు. ఇద్దరు మనుషులు వచ్చి బండిని తాడు కిందనుంచి అవతలకి తోసుకెళ్లారు. హ్యాండిలు తాడుకి తగులుకుంటే ఒకడు తాడు ఎత్తి పట్టుకున్నాడు. ఆ కుప్పలన్నిటి మధ్య ఆ గుల్ల ఒక్కటే మెరుస్తూ చాలా దూరం కనబడింది.

ఇంటికి బస్సులో వచ్చారు. అక్క కిటికీ పక్కన, మేస్త్రీ ఇవతల. మేస్త్రీ చేతుల్లో పని లేదు. ముందు సీటు కడ్డీ మీద తుప్పు ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి ఒళ్లో చేతులు బిగించుకున్నాడు.

"ఎందుకక్కా?" అన్నాడు చివరికి.

"ఏది ఎందుకు?"

"ఒక్క మాట మార్చి ఉంటే బండి దక్కేది."

"దక్కేది. నాకు తెలుసు" అంది అక్క.

"మరి?"

బస్సు ఒక గతుకులో పడి లేచింది. అక్క మోకాలు పట్టుకుంది. "నువ్వు బండి అమ్మేసిన రోజు నన్నెవరూ అడగలేదు. తోమిన రోజూ అడగలేదు. ఇప్పుడు కూడా నేనేం చెప్పాలో నువ్వే చెప్పావు, చెబుతావా అని అడగలేదు. ఆ అబ్బాయి అడిగాడు. అడిగినదానికి జవాబిచ్చాను."

"అంత కోపం ఉంటే నన్ను తిట్టి ఉండాల్సింది."

"కోపం ఎప్పుడో పోయిందిరా" అంది అక్క. "బండి మీద ఆశ కూడా పోయింది, దానితో పాటే. నువ్వు పదకొండు నెలలు తిరిగావు కదా అని ఊరుకున్నాను."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో ఏమీ లేదు. మేస్త్రీ దానికంటే తిట్టు నయమనుకున్నాడు. వాగు దాకా తీసుకెళ్లాలనుకున్న సంగతి చెబుదామని నోరు తెరిచాడు. అది కూడా తను అనుకున్నదే, ఆవిడని అడిగింది కాదు. నోరు మూసుకున్నాడు.

దిగాల్సిన చోటు వచ్చింది. మేస్త్రీ లేచి నిలబడి, అలవాటుగా అక్క జబ్బ కిందికి చెయ్యి పోనిచ్చి లేపబోయాడు. ఆ చెయ్యి సగంలో ఆగింది.

"పట్టుకోనా అక్కా?" అన్నాడు.

"వద్దు" అంది అక్క, కడ్డీ పట్టుకుని తనే లేస్తూ.